సప్పుడు పట్టే చెవి

షెడ్డులో నిలబెట్టిన కారు నోరు విప్పదు. "పొద్దుగాల నుంచి ఒకటే సప్పుడన్నా" అని యజమాని మొత్తుకుంటాడు. బానెట్ లేపి ఎంత రేజ్ చేసినా ఇంజన్ బుద్ధిగా తిరుగుతూ అతన్నే అబద్ధాలకోరును చేస్తుంది. వరంగల్ ఆటోనగర్లో చేయి తిరిగిన మేస్త్రి అప్పుడు వాదనకు దిగడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ "పాండ్రి సార్, ఓ ట్రయల్ కొట్టొద్దాం" అంటాడు.

ఆ ట్రయల్‌ని రిపేరులో ఒక భాగమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సంగీత సభలో ముందు వరసలో కూర్చున్నవాళ్లకు దొరకని వినికిడి సుఖం, మేస్త్రి పక్క సీట్లో కూర్చుని నేను పొందాను. సభలో మనకు వినిపించాలనుకున్నదే వినిపిస్తారు. ఇక్కడ దాక్కోవాలనుకున్న ఒక్క సప్పుడును, మిగిలిన వందింటినీ ఒక్కొక్కటిగా పక్కకు తప్పించి పట్టుకోవాలి.

ముందు కారులోని మనుషుల జాడలు పోవాలి. ఏసీ, పాటలు బంద్. అద్దాలు కిందికి. డ్యాష్‌బోర్డు అరలో చిల్లర, డిక్కీలో జాకీ, వెనక సీటు కింద దొర్లే నీళ్ల సీసా, అన్నీ బయటికి. సగం జబ్బులు ఇక్కడే నయమవుతాయి, బిల్లు లేకుండా. ఆ తర్వాత మేస్త్రి అడిగే మొదటి ప్రశ్న నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఎట్లాంటి సప్పుడని అడగడు. "ఎప్పుడొస్తది సార్? బ్రేక్ కొడితెనా, తిప్పితెనా, గతుకుల పడితెనా?" అంటాడు. యజమాని మాత్రం కిర్రుమంటుందని, గుయ్యిమంటుందని, టకటకమంటుందని గొంతుతో చేసి చూపించే ప్రయత్నంలో ఉంటాడు. అది ఈ ఊరి నేలలోనే ఉందేమో! 1932లో ఇక్కడ పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ 1971లో ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లి మిమిక్రీ వినిపించి వచ్చారు. ఆయన చెవికీ మేస్త్రి చెవికీ సగం దాకా దారి ఒకటే. ఇద్దరూ గోలలోంచి ఒక్క దారప్పోగును లాగుతారు. వేణుమాధవ్ దాన్ని గొంతులోకి దింపుకుని మళ్లీ పుట్టించేవారు. మేస్త్రి దాన్ని లేకుండా చేయడానికే వింటాడు. తన పని బాగా కుదిరితే వినడానికి ఏమీ మిగలని కళ ఇది.

ములుగు రోడ్డు పట్టుకుని ఊరు దాటాక బండి అరవైకి చేరుతుంది. అప్పుడు మొదలవుతుంది, కింద ఎక్కడో మంద్రంలో ఒక "ఊఁ". వేగంతో పాటు అదీ పెరుగుతుంది. మేస్త్రి క్లచ్ తొక్కి న్యూట్రల్ చేస్తాడు. ఇంజన్ సప్పుడు ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, "ఊఁ" మాత్రం చెక్కుచెదరదు. ఈ ఒక్క క్షణం కోసమే నేను వెంట వెళ్తాను. కారులో ఎప్పుడూ రెండు లయలు కలిసి నడుస్తుంటాయి. ఒకటి ఇంజన్‌ది, ఊరికే నిలబడ్డా సెకనుకు పదమూడు సుట్లు. టాపెట్ల టకటక అందులో సరిగ్గా సగం. రెండోది చక్రానిది, గంటకు 20 కిలోమీటర్లలో సెకనుకు మూడు సుట్లు. టైరు గాడిలో కంకరరాయి ఇరుక్కుంటే వినిపించేది ఈ మూడే. గేరులో ఉన్నంతసేపూ రెండు లయలూ పెనవేసుకుని ఉంటాయి. న్యూట్రల్ చేయగానే విడిపోతాయి, సప్పుడు దేని వెంట పోయిందో చెవికి తెలిసిపోతుంది. ఇది చక్రం వెంట పోయింది. అంటే ఇంజన్ నిర్దోషి. పక్క సీట్లో యజమాని ఊపిరి వదులుతాడు, అతని మనసులో ఖర్చు అప్పటికే సగం తగ్గింది.

అయితే టైరా, బేరింగా? సిమెంటు రోడ్డు పోయి తారు రోడ్డు వచ్చిన చోట చెవి ఇంకాస్త రిక్కించాలి. టైరు పాట అయితే నేల మారగానే గొంతు మార్చుకుంటుంది. బేరింగ్‌కు కింద ఏముందో పట్టదు. గొంతు మారలేదు. ముందూ వెనకా బండ్లు లేవని చూసుకుని మేస్త్రి స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు, మళ్లీ కుడికి వాలుస్తాడు. ఎడమకు తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. "ఊఁ" లేచి "హూఁ" అవుతుంది. కుడికి తిరిగితే దాదాపు మాయం. ఎడమ, హూఁ. కుడి, మౌనం. ఒక మంచి గాయకుడు ఒకే స్వరాన్ని పట్టుకుని బరువు పెంచి, తగ్గించి దాని లోపల ఏముందో చూపించినట్టు ఉంటుంది. "కుడి ముంగట" అంటాడు మేస్త్రి. కుడివైపు ముందు వీల్ బేరింగ్. తీర్పులో రెండే మాటలు, విశేషణం ఒక్కటీ లేదు.

అన్ని సప్పుళ్లూ హైవేకు లొంగవు. కొన్నింటికి గోడ కావాలి. బయలు రోడ్డు మీద కారు కింది శబ్దం పొలాల్లోకి పోయి చెదిరిపోతుంది. పక్కన గోడ ఉంటే తిరిగొచ్చి కిటికీలో పడుతుంది. వరంగల్‌లో ఇందుకు కాకతీయుల కోట ద్వారం, ఖిలా దర్వాజాను మించిన చోటు లేదు. కోట లోపల జనం కాపురం ఉంటారు కాబట్టి ఆటోలు, బండ్లు రోజూ ఆ రాతి ద్వారాల గుండానే తిరుగుతాయి. ఆ దారి సూటిగా పోదు. శత్రువు దూసుకురాకుండా కాకతీయులు దాన్ని మలుపు మీద మలుపుగా కట్టారు. ఏనుగులను నెమ్మదింపజేసిన ఆ వంకర ఇవాళ కారునూ నెమ్మదింపజేస్తుంది. స్టీరింగ్ బాగా తిప్పి మొదటి గేరులో పోనివ్వాలి. సరిగ్గా అక్కడే, రెండు వైపులా గ్రానైటు గోడల మధ్య, వినిపిస్తుంది: టక్, టక్, టక్, టక్. డ్రైవ్ షాఫ్ట్ చివరి జాయింటు. దాని రబ్బరు బూటు ఎప్పుడో చిరిగింది, గ్రీజు కారిపోయింది, దుమ్ము చేరి గుండ్లు తిరిగే గాడులు అరిగాయి. మలుపు విప్పుకోగానే టక్కు ఆగిపోతుంది. రెండో మలుపులో మళ్లీ పలుకుతుంది.

రామప్ప గుడిలో రాతిని మీటి స్వరాలు వినిపించే గైడ్లంటే నాకు గౌరవమే. కానీ మీటకుండానే, పక్కన పోయే బండి లోపాన్ని బండికే అప్పజెప్పే ఈ గోడలు నాకు ఇంకా ఎక్కువ ఇష్టం. ఆ కాకతీయుల్లోనే రాజు గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. ఏనుగుల దళం చూసే అధికారి నృత్తం మీద శాస్త్రం రాయడం చాలామందికి వింత. నాకు కాదు. అంత బరువైన దేహం అడుగు ఎక్కడ తడబడిందో రోజూ కనిపెట్టాల్సినవాడికి లయ గురించి చెప్పడానికి చాలానే ఉండి ఉంటుంది.

కాజీపేట జంక్షన్‌లో ఇదే విద్య తిరగేసి కనిపిస్తుంది. అక్కడ వినేవాడు కదలడు, బండే అతని ముందు నుంచి కదిలిపోతుంది. రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగా క్యారేజ్ సిబ్బంది పట్టాల పక్కన నిలబడి ఒక్కో చక్రాన్ని చూస్తూ వింటారు. ఎక్కడో చక్రం అంచు చదునైతే దబ్, దబ్‌మని ఒకే ఎడంతో పడుతూ వస్తుంది. మనం పెట్టె నంబరు వెతుక్కునే ఆ అర నిమిషంలో వాళ్లు రైలు మొత్తాన్నీ విని ముగిస్తారు.

ఇంత చెప్పాక, ఆస్వాదించకూడని సప్పుళ్లు కూడా ఉన్నాయని చెప్పకపోతే తప్పవుతుంది. బ్రేకు కొట్టినప్పుడు ఇనుము మీద ఇనుము రాసిన గరగర వస్తే ప్యాడ్లు పూర్తిగా అయిపోయినట్టు. ఆయిల్ లైటు వెలిగి ఇంజన్‌లోంచి సుత్తి దెబ్బలు వినిపిస్తే ట్రయల్ లేదు, రసమూ లేదు. పక్కకు తీసి తాళం తిప్పేయాలి. ఈ రోజుల్లో చాలా షెడ్లలో స్కానర్ ఉంది. సెన్సార్ ఉన్న చోట అది చకచకా కోడు చెబుతుంది. బేరింగ్ "ఊఁ"కు, జాయింటు "టక్"కు మామూలు కారులో సెన్సార్ లేదు కాబట్టి స్కానర్ తెర మీద అంతా క్షేమమే.

బేరింగ్ మారాక రెండో ట్రయల్. అరవైలో బండి మెత్తగా జారుతుంటే యజమాని నవ్వు ఇంకా పూర్తి కాకముందే, ఒక గతుకు మీద ముందు నుంచి "టొక్"మని ఒకటి వినిపిస్తుంది. లింక్ రాడ్. "ఇది నిన్న లేకుండె కదన్నా" అంటాడు అనుమానంగా. ఉండె. బేరింగ్ హోరు దాన్ని మింగి కూర్చుంది.