కాగితం అడగని చట్టం

రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర పన్నెండేళ్ల పిల్లవాడొకడు నిలబడి ఉన్నాడనుకుందాం. వెంట ఎవరూ లేరు. మాట మనకు అర్థం కాదు. మయన్మార్‌లోని రఖైన్ నుంచి బయల్దేరి, దారిలో అయినవాళ్ల నుంచి తప్పిపోయాడు. 2012 నుంచి రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్ చేరి బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకుంటున్నాయి. వీడూ వాళ్లను వెతుక్కుంటూ వచ్చి, నగరానికి ఈ కొసన దిగిపోయాడు. పిల్లవాడు నా ఊహే గానీ, వాడిని ఆదుకునే చట్టం నిజం. దాన్ని చదివిన ప్రతిసారీ రాసినవాళ్ల నేర్పు మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది.

మన దేశంలో శరణార్థుల కోసం విడిగా చట్టమేదీ లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంలో భారత్ చేరలేదు. విదేశీయుల చట్టం 1946 నాటిదైనా, దాని స్థానంలో 2025లో వచ్చినదైనా, విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే పెడుతుంది. కాగితాల్లేని పెద్దవాడికి దారి దాదాపు అక్కడే మూసుకుపోతుంది. పిల్లవాడికి మూసుకుపోకుండా అడ్డం నిలిచేది 2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం. నిర్భయ కేసు తర్వాత జరిగిన చర్చ వల్ల చాలామంది దాన్ని నేరం చేసిన మైనర్లకు సంబంధించిన చట్టంగానే ఎరుగుదురు. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లల గురించిన భాగం మీదికి చూపు అంతగా పోలేదు. అసలు పనితనం అక్కడుంది.

పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి ఎవరైనా పిల్లల కిందే లెక్క అంటుంది సెక్షన్ 2. పౌరుడై ఉండాలన్న షరతు పెట్టలేదు. రక్షణ ఎవరికి అవసరమో అదే సెక్షన్‌లో 14వ క్లాజు వరసగా చెబుతుంది: ఇల్లూ, బతుకుతెరువూ లేని బిడ్డ, చట్టవిరుద్ధంగా పనిలో పెట్టిన బిడ్డ, తప్పిపోయిన బిడ్డ. ఇంకా కిందికి వెళ్తే సాయుధ పోరాటానికో, అల్లర్లకో, ప్రకృతి వైపరీత్యానికో గురైన బిడ్డ కనిపిస్తాడు. శరణార్థి అన్న మాట ఆ జాబితాలో లేదు. లేకపోవడమే మేలయిందని నా అభిప్రాయం. ఆ మాట రాసి ఉంటే, ఇతను శరణార్థి అవునా కాదా అని ముందు ఎవరో తేల్చాలి. అది తేలేదాకా పిల్లవాడు ఎక్కడుండాలి? చట్టం హోదా జోలికి పోకుండా స్థితిని వర్ణించింది. స్థితి కంటికి కనబడుతుంది, దానికి కాగితం అక్కర్లేదు.

బాలల హక్కుల ఒప్పందంలో మన దేశం 1992 డిసెంబర్ 11న చేరిందని చట్టం పీఠికలోనే ఉంది. కుటుంబం దొరకని శరణార్థి బిడ్డకు, ఇల్లు కోల్పోయిన మిగతా పిల్లలతో సమానంగా రక్షణ ఇవ్వాలని ఆ ఒప్పందంలో 22వ అధికరణం అంటుంది. మన చట్టం ఆ అధికరణం పేరెత్తకుండానే ఆ పని చేసింది.

ఇక సెక్షన్ 31. బిడ్డను చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందుకు ఎవరు తీసుకురావచ్చో చెబుతుంది. పోలీసులు, లేబర్ ఇన్‌స్పెక్టర్, ప్రభుత్వోద్యోగి, స్వచ్ఛంద సంస్థ, డాక్టర్, నర్సు, సామాజిక కార్యకర్త, బాధ్యత గల ఏ పౌరుడైనా సరే. వీళ్ల మధ్యనే ఇంకొకరిని చేర్చారు: ఆ బిడ్డే. తనంతట తానే వెళ్లి కమిటీ ముందు నిలబడవచ్చు. మెజిస్ట్రేట్ అధికారాలున్న కమిటీ గడప తొక్కడానికి, తెలుగు రాని పన్నెండేళ్ల పిల్లవాడికి పెద్దల తోడు అక్కర్లేదని చట్టం ఒప్పుకుంది. ఎవరు తీసుకొచ్చినా ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలు దాటకూడదు.

సెక్షన్ 32 ఇంకా సున్నితంగా ఉంటుంది. తప్పిపోయినట్టు కనిపిస్తున్న, లేదా తప్పిపోయానని తానే చెబుతున్న బిడ్డ ఎదురైతే 24 గంటల్లో సమాచారం ఇవ్వాలి. కనిపిస్తే చాలు, చెబితే చాలు. రుజువు సంగతి తర్వాత. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, పదివేల జరిమానానో, రెండూనో ఉంటాయి. అంటే మెట్రో గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకూ, ఎదురుగా టీ కొట్టు నడిపే మనిషికీ బాధ్యత ఉంది.

వయసు విషయంలోనూ ఇదే వరస. రఖైన్ నుంచి వచ్చినవాడు బర్త్ సర్టిఫికెట్ ఎక్కణ్నుంచి తెస్తాడు? సెక్షన్ 94 ప్రకారం, చూడగానే పిల్లవాడని తెలిసిపోతుంటే కమిటీ అంచనా వయసు రాసుకుని, మరో నిర్ధారణ కోసం ఆగకుండా ముందుకెళ్లాలి. సందేహముంటేనే స్కూలు సర్టిఫికెట్, అది లేకుంటే మున్సిపాలిటీ ఇచ్చినది, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. కమిటీ రాసిన వయసునే ఈ చట్టం వరకు నిజమైన వయసుగా తీసుకోవాలి. కాగితాల్లేని బిడ్డకు ఆ రోజు తొలి కాగితం పుడుతుంది.

గది ఎలా ఉండాలో కూడా 2016 నాటి మోడల్ రూల్స్ పట్టించుకున్నాయి. కమిటీ సభ్యులు ఎత్తైన వేదిక మీద కూర్చోకూడదు. బోను ఉండకూడదు. కేసుతో సంబంధం లేనివాళ్లు లోపల ఉండకూడదు. యూనిఫాం చూస్తేనే పరుగెత్తిన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ చిన్న ఏర్పాటు ఎంత ధైర్యమిస్తుందో చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా విలువైనది సెక్షన్ 3లో ఒక వాక్యపు తోక. ప్రతి బిడ్డనూ వీలైనంత త్వరగా కుటుంబం దగ్గరికి చేర్చాలి అంటూనే, అది ఆ బిడ్డ మేలుకు విరుద్ధం కానప్పుడు మాత్రమే అని ముగించారు. ఒడిశా నుంచి పారిపోయి వచ్చిన పిల్లవాడిని ఇంటికి పంపడం మేలు కావచ్చు. ఊరే తగలబడిపోయిన పిల్లవాడిని వెనక్కి పంపడం మేలు కాదని కమిటీ అనుకుంటే, అనడానికి ఆధారం ఆ తోకలోనే ఉంది.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట సైబరాబాద్ పోలీసులు, కార్మిక శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ కలిసి గాలింపు చేపడతాయి. టవర్లు లేస్తున్న నిర్మాణ స్థలాలు, ఇటుక బట్టీలు, దుకాణాలు తిరిగి పిల్లల్ని బయటికి తెస్తారు. ఎక్కువమంది పొరుగు రాష్ట్రాల వలస కుటుంబాల పిల్లలే. వాళ్లకూ, మన రాయదుర్గం పిల్లవాడికీ సెక్షన్లు అవే. మొదటి 24 గంటల్లో తేడా చూపడానికి చట్టం ఎక్కడా సందివ్వలేదు.

పద్దెనిమిది నిండాకే అల్లిక వదులవుతుంది. కమిటీ ఉంచిన పిల్లల హోమ్ నుంచి బయటికొచ్చే యువకుడికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు అంటుంది సెక్షన్ 46, ఇవ్వాలి అనలేదు. ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్‌కేర్ పేరుతో కొంత ఆసరా దొరకవచ్చు. కానీ ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం ఈ చట్టం ఇవ్వలేదు. ఆరేళ్లు ఇక్కడ చదువుకుని తెలుగు నేర్చిన పిల్లవాడు మళ్లీ విదేశీయుల చట్టం ముందు నిలబడాల్సిందే, నిరూపించుకునే భారం మళ్లీ వాడిదే. ఈ చట్టం కింద పెరిగిన బిడ్డకు పద్దెనిమిది నిండిన రోజునే నివాస అనుమతి ఇచ్చేలా పార్లమెంటు ఒక సెక్షన్ చేర్చాలి.