హద్దు దాటిన బ్రేక్

టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ మన కోడ్ నుంచి తయారుచేసే జావాస్క్రిప్ట్‌ను ఎవరూ పనిగట్టుకుని చదవరు. ఒక్కసారి టార్గెట్ ఈఎస్5 అని పెట్టి చదివి చూడండి. అంత నిబ్బరమైన రచన నేను తక్కువగా చూశాను.

చిన్న ఫర్ లూప్ తీసుకుందాం. ఐ మూడుసార్లు తిరుగుతుంది. ప్రతిసారీ సెట్‌టైమౌట్‌తో కాసేపాగి ఐ విలువ చూపమంటాం. లెట్‌తో రాస్తే 0, 1, 2 వస్తాయి, ఎందుకంటే 2015 నాటి ప్రమాణం ప్రకారం ప్రతి చుట్టుకూ ఐ కొత్తగా పుడుతుంది. 2009 నాటి ప్రమాణమైన ఈఎస్5లో లెట్ లేదు, ఉన్నది వార్. దాంట్లో మూడు చుట్లకూ ఐ ఒక్కటే. లెట్ కొట్టేసి వార్ పెడితే 3, 3, 3 వస్తాయి. మాట మారింది, అర్థం చచ్చిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 తీరు ఇంకా విచిత్రం: లెట్ అంటే తప్పు పట్టదు, కానీ చుట్టుకో కొత్త ఐ మాత్రం ఇవ్వదు.

కంపైలర్ ఏం చేస్తుందో చూడండి. లూప్ లోపలి కోడ్ మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లోకి మార్చి, దానికి _లూప్_1 అని పేరు పెట్టి, ఐని ఆర్గ్యుమెంట్‌గా అందిస్తుంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా పారామీటర్ కొత్తగా పుట్టాల్సిందే. ఆ గుణం జావాస్క్రిప్ట్‌కు మొదటి నుంచీ ఉంది. తత్సమం జోలికి పోకుండా యయాతి కథంతా నడిపించిన కవి పొన్నెగంటి తెలగనను తలచుకోవాల్సిన చోటిది. లేని మాట కోసం చేయి చాచకుండా, ఉన్నవాటితోనే అర్థాన్ని నిలబెట్టడం. పైగా ఐని లోపలి ఫంక్షన్ ఏదీ పట్టుకోకపోతే ఈ హంగామా ఉండదు, మామూలు వార్ రాసి ఊరుకుంటుంది. ఔచిత్యం అంటే ఇదే.

అసలు రసం ఇక్కడ కాదు, లూప్ మధ్యలో బ్రేక్ ఉన్నప్పుడు చూడాలి. ఆ బ్రేక్ ఇప్పుడు ఫంక్షన్ లోపల పడింది. అక్కడి నుంచి బయటి లూప్‌ను ఆపే అధికారం దానికి లేదు. కంపైలర్ దాన్ని ఒక స్ట్రింగ్‌గా మార్చేస్తుంది: ఫంక్షన్ "బ్రేక్" అనే అక్షరాలను రిటర్న్ చేస్తుంది. బయట స్టేట్_1 అనే వేరియబుల్ వాటిని అందుకుంటుంది. అవే అక్షరాలైతే అసలైన బ్రేక్ అక్కడ పడుతుంది. ఆజ్ఞ కాస్తా విలువై హద్దు దాటి, అవతల మళ్లీ ఆజ్ఞ అయింది!

మరి మనం రాసిన కోడ్‌లోనే, ఆ లూప్ లోపలే, రిటర్న్ "బ్రేక్" అని ఉంటే? రెండూ ఒకటైపోవూ? కావు. మన రిటర్న్ విలువ ఏదైనా సరే, కంపైలర్ దాన్ని ముందు ఒక ఆబ్జెక్ట్‌లో పెడుతుంది. బయట టైపాఫ్‌తో చూసి, ఆబ్జెక్ట్ అయితే లోపలి విలువ తీసి తిరిగి ఇస్తుంది. వట్టి "బ్రేక్" స్ట్రింగ్ అయితే లూప్ ఆపుతుంది. ఎవరూ చదవరని తెలిసిన కోడ్‌లో, ఎప్పుడో ఎవరో రాయబోయే ఆ ఒక్క స్ట్రింగ్ కోసం కూడా చోటు ఉంచారు.