ఎలుగుబంటి బొమ్మ – ఇద్దరు పెద్దమనుషులు

విమర్శకుడు పిల్లల పుస్తకాన్ని చేతబట్టడం చిన్నతనమని మనలో కొందరి అభిప్రాయం. నేను వారితో ఏకీభవించలేను. కళ ఎవరి సొత్తు, దానికి విలువ కట్టే అధికారం ఎవరిది అన్న భావాలకు బాల్యంలోనే బీజం పడుతుంది.

అమెరికన్ రచయిత డేనియల్ పింక్‌వాటర్ వ్రాసిన 'బేర్స్ పిక్చర్' 1972లో వెలువడింది. 2008లో డి. బి. జాన్సన్ బొమ్మలతో మళ్ళీ అచ్చయింది. రచయిత స్వయంగా శిల్పకళ అభ్యసించినవాడు. కథ చాలా చిన్నది. ఒక ఎలుగుబంటి బొమ్మ వేస్తూ వుంటుంది. దర్జాగల యిద్దరు పెద్దమనుషులు అటు వచ్చి, ఎలుగుబంట్లు బొమ్మలు వేయలేవని తేల్చివేస్తారు. ఆపైన, అసలిది దేని బొమ్మ అని నిలదీస్తారు. తేనె, చల్లని నీరు, చలికాలం తలదాచుకునే చోటు – తనకు ప్రియమైన వాటినే వేశానంటుంది ఎలుగు. వారికవేవీ కనిపించవు. కనిపించనవసరం లేదు, యిది నా బొమ్మ అంటుంది ఎలుగు.

హాస్యమంతా యెక్కడున్నది? కళ్ళెదుట కుంచె కదులుతూ వుండగా, రంగు తడి ఆరకముందే, యీ పని అసాధ్యమని వారు ప్రకటించడంలో వున్నది. వారు బొమ్మను చూసి తీర్పు చెప్పలేదు. వేసినవాడి పుట్టుకను చూసి చెప్పారు. ఇటువంటి తీర్పులు మన దేశంలో ఎందరు విన్నారో వేరే చెప్పాలా?

చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో జంతువులు మాట్లాడేది రాజకుమారులకు నీతి గరపడానికి. ఈ ఎలుగు ఎవరికీ పాఠం చెప్పదు. తన పని తాను చేసుకుంటుంది. అదే దాని ధిక్కారం.

"ఇది వట్టి వ్యక్తివాదం, అర్థంకాని కళకు సమర్థన" అని అభ్యుదయవాదులు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో సగమే నిజం. ఆ బొమ్మలో వున్నది శూన్యం కాదు. తిండి, నీరు, గూడు. వాటి కోసం ఎన్నడూ వెతుక్కోని పెద్దమనుషులకు అవి కనబడకపోతే, ఆ లోపం బొమ్మది కాదు. చూడగానే అర్థంకాలేదన్న ఒక్క కారణంతో రచనను తోసిపుచ్చే విమర్శకుడు, ఎంత అభ్యుదయవాది అయినా, ఆ యిద్దరి పక్కన మూడవవాడై నిలబడతాడు.

మిగతా సగం మాత్రం నిజమే. కథలో మరొక ఎలుగు లేదు. తోటి ఎలుగు వచ్చి చూసివుంటే, తేనెతుట్టెను క్షణంలో పోల్చుకునేది. అప్పుడు 'నా బొమ్మ' అన్న మాట 'మన బొమ్మ'గా మారేది. పింక్‌వాటర్ తన కళాకారుణ్ణి పెద్దమనుషుల నుంచి కాపాడగలిగాడు గాని, తనవారి మధ్యకు చేర్చలేకపోయాడు. పుస్తకానికున్న పరిమితి యిదే.

అయినా ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో చదివించాలని నా కోరిక. చదివించి, ఆ రెండవ ఎలుగు ఏమనేదో పిల్లలనే అడగండి. కథను పూర్తిచేయవలసింది వారే.