మడివాళకు కచేరి మందిర మేది? - నగర నిర్మాణ విధానముపై ఒక విమర్శ

బెంగుళూరున సంగీతమునకు కొఱత లేదు. అది ఎవరికి అందుచున్నదనునదియే విచారింపదగిన విషయము. గాయన సమాజము 1905లో స్థాపింపబడినది. రవీంద్ర కళాక్షేత్రము 1963లో, చౌడయ్య స్మారక మందిరము 1980లో వెలసినవి. మన తెలుగు విజ్ఞాన సమితి మందిరము వయ్యాలికావలులో నున్నది. చామరాజపేటలో 1939లో ఆరంభమైన రామనవమి కచేరీలు నేటికిని సాగుచున్నవి. ఇవన్నియు పాత నగరమునందో, దానికి వాయవ్యమునందో కలవు.

ఆగ్నేయమున హోసూరు బాటపై నున్న మడివాళ మాట వేఱు. సోమేశ్వరాలయ శాసనములు సాక్ష్యమిచ్చు ఈ ప్రాచీన గ్రామమును నగరము తరువాత చుట్టుకొన్నది. ఇచట అద్దె వసతులలో నుండు తెలుగు యువజను లనేకులు. సాయంకాలపు కచేరి వేళకు వీరిలో పలువురు కార్యాలయములు వీడియే యుండరు.

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ననుసరించి రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 వఱకు ధ్వనివర్ధకములు నిషిద్ధములు. ఉత్సవములకై ప్రభుత్వము ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వఱకు సడలింపవచ్చును. నాలుగు గోడల మందిరములకు మాత్రము లోపలి వినికిడికై మినహాయింపు కలదు. అనగా మందిరము గల పేటకు రాత్రి పాట కలదు; లేని పేటకు లేదు. నిదుర గోరు గృహస్థుల మొఱ న్యాయమైనదే. ఇందిరానగర వాసుల ఆందోళన అకారణము కాదు. దోషము నిబంధనలో లేదు, మందిరమునకు చోటు చూపని ప్రణాళికలో నున్నది.

ఆ లోటు పూరించునది భోజనశాల. అచట పాట వినుటకు ముందు పదార్థములు కొనవలెను. పైగా 2005 నాటి పోలీసు ఉత్తరువు వాద్యబృందమును క్యాబరే నృత్యముతో నొకే గాట గట్టి అనుమతిపత్రము కోరినది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. గాయకునికి ఇంతకన్న అవమాన మేమున్నది?

1976 నాటి బెంగుళూరు అభివృద్ధి ప్రాధికార చట్టము క్రొత్త లే-అవుట్లలో నూటికి 15 వంతులు ఉద్యానములకును, మఱి 10 వంతులు పౌరసౌకర్యములకును విడువుమన్నది. ఆ సౌకర్యములలో సాంస్కృతిక కేంద్రము నొకటి. కాని బజారు, తపాలా కార్యాలయము, బ్యాంకు మున్నగువానితో అది పోటీపడవలెను. తప్పక కట్టుమను విధి లేదు. క్రొత్తగా వేయు లే-అవుట్లకే యుద్దేశింపబడిన ఈ నియమము, తాను పుట్టకమునుపే యున్న పాత గ్రామమునకు నేరుగా నక్కఱకు రాదు. బి.టి.ఎం. లే-అవుట్ పేరులోని మూడవ అక్షరము మడివాళదే. ఊరి పేరు గైకొన్న విస్తరణలో ఒక పౌరసౌకర్య స్థలము, అల్పమైన అద్దెకు దొరకు మూడువందల ఆసనముల మందిరమునకై కేటాయింపుమని మన సంఘములు ప్రాధికారమునకు వ్రాయవలెను.