ఉప్పు సబ్బు

ఉప్పు సబ్బు కోయడానికి ఓ అదను ఉంది. పొద్దున అచ్చులో పోస్తే మధ్యాహ్నం భోజనాల లోపే కోసెయ్యాలి. మామూలు సబ్బు మర్నాటిదాకా ఆగుతుంది, ఇది ఆగదు. నొక్కి చూస్తే గోరు దిగకూడదు, గుర్తు మాత్రం పడాలి. ఆ అదను దాటితే బెల్లం అచ్చులా బిగుసుకుపోతుంది. ఇక కత్తి పెట్టగానే అంచులు పొడిపొడిగా రాలిపోతాయి.

కిలో కొబ్బరినూనెకు అరకిలో ఉప్పు వేస్తాను. చినగంజాం ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే కల్లుప్పే. కాకపోతే బొంబాయి రవ్వకన్నా మెత్తగా మిక్సీ పడతాను. మొదట్లో పలుకులుగానే వేస్తే మోచేతులు గీసుకుపోయాయి. నూనె మాత్రం కొబ్బరిదే కావాలి. ఉప్పు తగిలితే మిగతా నూనెల్లో చాలావాటి సబ్బు సరిగా నురగ కట్టదు. కొబ్బరినూనె సబ్బు ఉప్పునీళ్ళలోనూ కరుగుతుంది. సముద్రపు నీళ్ళతో స్నానం చేసే నావికులకు అందుకే ఈ సబ్బు ఇచ్చేవారు. అయితే ఒట్టి కొబ్బరినూనె సబ్బు ఒంటిని పొడిబారుస్తుంది. కాస్టిక్ సోడా తగ్గించి, ఐదో వంతు నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా చూసుకుంటాను.

ఒకసారి ఆశపడి ఎప్సమ్ సాల్ట్ కలిపాను. విరిగిన పాలలా ముద్దలు తేలాయి. అది మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నీళ్ళలో కరగని తెట్టు అవుతుంది. ఆ తెట్టు చూడగానే మా బోరు నీళ్ళు గుర్తొచ్చాయి. ఎంత రుద్దినా రాని నురగ, బకెట్ అంచున పేరుకునే తెల్లటి జిడ్డు, అన్నీ మెగ్నీషియం, కాల్షియం చేసే పనే. మృతసముద్రం ఉప్పుతోనూ ఇదే చిక్కు. మన సముద్రపు ఉప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. మృతసముద్రం ఉప్పులో మాత్రం మెగ్నీషియం క్లోరైడ్‌ది పెద్ద వాటా. అది గాలిలో తేమను కూడా లాక్కుంటుంది, సబ్బుకు చెమటలు పడతాయి.

ఈ ఉప్పుల చోటు సబ్బులో కాదు, కాళ్ళు పెట్టుకునే గోరువెచ్చని నీళ్ళలో. పొలం నుంచి వచ్చాక అమ్మ కల్లుప్పు నీళ్ళలో పాదాలు పెట్టుకుని, అరగంట ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎప్సమ్ సాల్ట్ ఇంకా మేలా అని కొనేవాళ్ళు అడుగుతారు. మెగ్నీషియం చర్మం గుండా ఒంట్లోకి చేరుతుందనడానికి గట్టి ఆధారం లేదనీ, ఆ హాయి చాలావరకు వేడినీళ్ళదేననీ చెప్పే అమ్ముతాను.

షుగర్ ఉన్నవాళ్ళకు మాత్రం పాదం చూడందే ఇవ్వను. స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలియదు, పుండూ తెలియదు. మొన్న ఒక పెద్దావిడ మడమ పగుళ్ళలో ఎర్రగా కనిపించింది. ఉప్పు పొట్లం వెనక్కి పెట్టేసి, "ముందు డాక్టరుకు చూపించుకోండి పిన్నిగారూ" అన్నాను.