రెండు యోగగ్రంథములు

యోగాసనముల పుస్తకములకు సాహిత్యపత్రికలో విమర్శ యేల యని కొందరు చదువరు లడుగవచ్చును. నేడు మన యిండ్లలో కావ్యములకంటె నెక్కువగా నమ్మి యాచరింపబడునవి యీ పుస్తకములే. కావ్యమును మనస్సుతో చదువుదుము. వీనిని మెడతోను, నడుముతోను, మోకాళ్లతోను చదువుచున్నాము. తప్పుగా చదివినచో కలుగు నష్టము కూడ నచ్చటనే కలుగును. కావున వాని గుణదోషముల విచారణ విమర్శకునకు తగని పని కాదు.

నే నిచ్చట పరిశీలింపదలచినవి రెండు: బి.కె.ఎస్. అయ్యంగారు 1966లో వెలువరించిన 'లైట్ ఆన్ యోగ', టి.కె.వి. దేశికాచార్ 1995లో ప్రకటించిన 'ది హార్ట్ ఆఫ్ యోగ'. రెండును ఆంగ్లములోనివే, రెండును ఒక్క చెట్టు కొమ్మలే. మైసూరు జగన్మోహన ప్రాసాదమున 1933 మొదలు యోగశాల నడపిన తిరుమల కృష్ణమాచార్యులు (1888–1989) మొదటివారికి గురువును, బావయు. రెండవవారికి తండ్రియు, గురువును. ఒక్క గురువునొద్ద నేర్చినవారి గ్రంథములు ఇంత భిన్నముగా నుండుటయే నన్ను మొదట నాకర్షించినది.

అయ్యంగారి గ్రంథము గొప్పది. ఇన్నూరు ఆసనములు, సుమారు ఆరునూరు ఛాయాచిత్రములు. బాల్యమున మలేరియా, టైఫాయిడు, క్షయలచే కృశించిన యొక బాలుడు తన దేహమును తానే చెక్కుకొన్న కథ ఆ చిత్రములలో వ్రాయకయే వ్రాయబడియున్నది. పాదముల నెంత యెడముగా నుంచవలెను, బరు వెచ్చట మోపవలెను, మోకాలిచిప్ప నెట్లు పట్టవలెను అను వివరములను తాపీపనివాని తూకముతో చెప్పినారు. వ్యర్థపదము లేదు. ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ దీనికి తొలిపలుకు వ్రాసెను.

అయినను గ్రంథాంతమున రెండు అనుబంధములు కలవు. ఒకటి మున్నూరు వారముల అభ్యాసక్రమము. రెండవది యే వ్యాధికి నేయే యాసనములు వేయవలెనో తెలుపు పట్టిక. ఉబ్బసము, నడుమునొప్పి, మధుమేహము, ప్రతిదానిక్రింద నొక వరుస. రక్తపుపోటు గలవారు శీర్షాసనముతో నారంభింపరాదని గ్రంథకర్త వేరొకచోట హెచ్చరింపకపోలేదు. కాని హెచ్చరిక ముందు పుటలలోను, పట్టిక చివరను ఉన్నచో, నొప్పితో పుస్తకము తెరచినవాడు దేనిని చదువును? శీర్షాసనమున కంటిలోని పీడనము సుమారు రెట్టింపగునని 2006లో ప్రకటితమైన పరిశోధన యొకటి తెలిపినది. నీటికాసుల రోగికి పట్టికలోని వరుస యీ సంగతి చెప్పదు. చెప్పజాలదు కూడ, ఏలయన పట్టిక వ్యాధి నెరుగును గాని వ్యాధిగ్రస్తు నెరుగదు.

ఇట్టి పట్టికల ననుకరించిన తెలుగు చిన్నపుస్తకము లనేకములు. అందొకటి, పేరు చెప్పుట నా కిష్టము లేదు, మా పెద్దక్క చేతికి వచ్చెను. ఆమెకు అరువది దాటినవి. 'నడుమునొప్పి' యను శీర్షికక్రింద పశ్చిమోత్తానాసనము కనబడెను. బొమ్మలోని యువకుని ముక్కు మోకాళ్లకు తగులుచున్నది. తన ముక్కును అచ్చటికి జేర్చుటకై యామె యిరువది దినములు కాళ్లవ్రేళ్లు పట్టుకొని లాగుకొనెను. ఒకనాటి యుదయమున లేవలేకపోయెను. వైద్యులు ఎక్సురే తీయగా ఎముకలు గుల్లబారియున్నట్లును, వెన్నుపూస యొకటి నలిగినట్లును తేలినది. నేను చూడబోయినప్పుడు ఆమె యన్న మాట: "నేనే సరిగ్గా వంగలేదేమోరా తమ్ముడూ."

ఈ మాటను నేను మరువలేకున్నాను. బొమ్మ తప్పు కాలేదు, పుస్తకము తప్పు కాలేదు, అరువదియేండ్ల వెన్నెముకయే తప్పుచేసినదయ్యె! 1984లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశీలన యొకటి కలదు. ఎముకలు గుల్లబారిన 59 మంది స్త్రీలలో, వెన్నును ముందునకు వంచు వ్యాయామము చేసినవారికి నూటికి 89 వంతునను, వెనుకకు నిటారుగా చాచు వ్యాయామము చేసినవారికి నూటికి 16 వంతునను క్రొత్తగా పూసలు నలిగినవి. చిన్న పరిశీలనయే, కాని 'నడుమునొప్పి' యను నొక్క మాటక్రింద నెన్ని వేరువేరు నడుములు దాగియున్నవో తెలుపుట కది చాలును.

న్యాయముగా చెప్పవలెనన్న, అయ్యంగారి విద్య వారి పట్టికకంటె పెద్దది. పుణెలోని తమ శాలలో వారు రోగులకు త్రాళ్లు, పటకాలు, కుర్చీలు, దిండ్లు అమర్చి, ఎవరి దేహమునకు తగినట్లు వారిని నిలిపెడివారు. గ్రంథమున లేనిది ఆ చేయియే. మన పల్లెలలో బాలింతకు నూనె రాచి నీళ్లుపోయు ముసలమ్మ యే పుస్తకము చదివినది? ఆమె చేయి వీపుమీదను, చూపు ముఖముమీదను ఉండును. కనుబొమ యొకింత ముడివడిన చేయి తేలికయగును.

దేశికాచార్ పట్టికను ప్రక్కకు నెట్టి యీ చూపునుండియే యారంభించిరి. ఇంజనీరు విద్య చదివి తండ్రికి శిష్యుడైన యీయన, మనుష్యుని యోగమునకు గాక యోగమునే మనుష్యునకు సరిపరుపవలెనని వాదించిరి. ఆసనమునకు ముందు సన్నాహము, పిదప ప్రత్యాసనము, అన్నిటికిని ఊపిరి కొలత. ఊపిరి చెదరెనా, అచ్చట నాగవలెను. మోకాళ్లు వంచి చేసినచో లోపము కాదు. పతంజలి యాసనమునకు చెప్పిన స్థైర్యసౌఖ్యములలో రెండవదానిని మన బొమ్మలపుస్తకములు మరచినవి, ఈయన మరువలేదు.

అయిన నీ గ్రంథమునకు నొక కొరత కలదు. గురువు నెదుట గూర్చుండి నేర్వు మనుట సులభము. వేర్వేరుగా నేర్పు గురువు లెందరు, వారికి జీతమీయగల గృహిణు లెందరు? 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరమున మూడు లక్షలమంది యొక్క కేకకు వంగి యొక్క కేకకు లేచిరి. అది ఉత్సవముగా నుండనిండు. చికిత్స మాత్రము కాదు. మరియొక సంగతి. శిష్యురాలి దేహమును ముట్టి సరిదిద్దుటకు ముందు ఆమె యనుమతి నడుగుట ప్రతి శాలలోను నియమము కావలెను. వద్దన్న స్త్రీని గర్విష్ఠియని యెంచు నుపాధ్యాయులను నేను చూచినాను.

మా యక్క యిప్పుడు వైద్యుని సలహాపై వెల్లకిల పరుండి, పిక్కలు కుర్చీమీద నుంచి, ఊపిరి లెక్కించుకొనుచు పది నిమిషములు గడుపుచున్నది. గోడకు వీపానించి చేతులెత్తుచున్నది. ఆ చిన్నపుస్తకమును నేను పారవేయబోగా నీయలేదు. పశ్చిమోత్తానాసనపు పుటపై పెన్సిలుతో "ముందు ఎముకల పరీక్ష" అని వ్రాసి, ఇరుగుపొరుగు లడిగిన నా పుటనే మొదట తెరచి చూపుచున్నది.