ఫైలు చోటు, ఫైలు హక్కు

అనేకులు ఫైళ్లు పంపుకొను సేవలో ఆ ఫైళ్లను డేటాబేసులోనే దాచవలెనా? లేక డిస్కుపై విడిగా నుంచి, పట్టికలో వాటి చిరునామాలు మాత్రము వ్రాసికొనవలెనా? ఈ ప్రశ్నకు కొలతలతో సమాధానము చెప్పిన పరిశోధన వ్యాసము ‘టు బ్లాబ్ ఆర్ నాట్ టు బ్లాబ్’. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థ వెలువరించిన దీని రచయితలు రస్సెల్ సియర్స్, క్యాథరిన్ వాన్ ఇంగెన్, జిమ్ గ్రే. బ్లాబ్ అనగా డేటాబేసులో ఒకే ముద్దగా దాచు సమాచారము.

256 కిలోబైట్లకు లోపు ఫైళ్లకు డేటాబేసు, 1 మెగాబైటుకు మించినవానికి ఫైలు వ్యవస్థ మేలని వీరు తేల్చిరి. నడుమనున్నవానికి, అవి ఎంత తరచుగా మారునో చూచి నిర్ణయింపవలెను.

కొత్త డిస్కును పరీక్షించి ఊరకొనకపోవుట ఈ వ్యాసములోని గొప్పదనము. పాత గ్రంథాలయములో ఒకే గ్రంథపు సంపుటములు ఖాళీ దొరికినచోటనెల్ల సర్దబడినట్లు, తిరిగి తిరిగి వ్రాసిన డిస్కుపై ఫైలు ముక్కలై చెదరును. రచయితలు ఆ స్థితి కల్పించి మరల కొలిచిరి.

అయినను ఈ అంకెలు ప్రకృతి నియమములు కావు. అవి నాటి సాఫ్టువేరుకు, తిరుగుడు డిస్కుకు చెందినవి. ఫ్లాష్ నిల్వలో కదలెడు శిరస్సే లేదు గనుక ముక్కలవలన కలుగు నష్టము చాల తక్కువ. రచయితలు శాసనముగా చెప్పని అంకెలను శాసనముగా వల్లించుట పాఠకుల తప్పు.

వ్యాసము వేగమును కొలిచినది. ఫైలు ఎవరిదను ప్రశ్న దాని పరిధిలో లేదు. పలువురు వాడు సేవకు ప్రాణము ఆ ప్రశ్నయే. ఇద్దరు విద్యార్థులు ఒకే పాఠమును పంపిరనుకొందము. చోటు కలిసివచ్చుటకై ఒకే ప్రతి నుంచినచో, మొదటివాడు తుడిచివేయగానే రెండవవాని పాఠము పోవలెనా? కూడదు. కావున వాడుకరులకొక పట్టిక, ఫైళ్లకొక పట్టిక, ఎవరికి ఏ ఫైలుపై హక్కు కలదో తెలుపు మూడవ పట్టిక కావలెను. చివరి హక్కు తొలగిన పిమ్మటనే ప్రతిని చెరపవలెను.

ఫైలు డిస్కుపైన, వివరము పట్టికలోన ఉన్నపుడు మరియొక చిక్కు. నడుమ విద్యుత్తు పోయినచో ఒకటి నిలిచి, ఒకటి నిలువకపోవచ్చును. అందుచే ముందు ఫైలు పూర్తిగా వ్రాసి, పిదప పట్టికలో నమోదు చేయవలెను. నమోదు లేని ఫైలు చెత్తయే, తరువాత ఊడ్చివేయవచ్చును. ఫైలు లేని నమోదు మాత్రము వాడుకరికిచ్చిన మాట తప్పుట.

విద్యార్థులు ఈ వ్యాసమును తప్పక చదువవలెను. అందలి అంకెలకంటె, కొలిచిన పద్ధతిని గ్రహించుట మేలు; హక్కుల పట్టికను మాత్రము తామే వేసికొనవలెను.